నగర సేవలకు స్వయంచాలిత వాహనాలు: సరఫరాదారును ఎంచుకునే పద్ధతి

వీధులు ఊడ్చే యంత్రం, చెత్త సేకరించే లారీ, రైల్వే స్టేషను నుంచి ఆసుపత్రి దాకా తిరిగే చిన్న షటిల్ బస్సు, రోడ్డు మీద గుంతలను నమోదు చేసే సర్వే వాహనం వంటివన్నీ డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయని చెప్పే కంపెనీలు ఇప్పుడు నగరపాలక సంస్థల తలుపు తడుతున్నాయి. వాటిలో చెప్పినంత పనీ చేయగలిగినవి ఉన్నాయి, నాలుగు వీధులు దాటితే చేతులెత్తేసేవీ ఉన్నాయి. ఎంపిక కమిటీకి వచ్చే ఇబ్బంది ఏమిటంటే, ప్రదర్శన రోజున ఈ రెండు రకాల కంపెనీలూ ఒకేలా కనిపిస్తాయి. వాహనం తడబడినప్పుడు, దారి మధ్యలో ఆగిపోయినప్పుడు, ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు ఆ కంపెనీ ఏం చేస్తుందో పరిశీలిస్తేనే అసలు తేడా బయటపడుతుంది. కాబట్టి టెండరు పత్రం, మార్కుల పట్టిక, క్షేత్ర పరీక్ష, ఒప్పందం అన్నీ ఆ ఒక్క ప్రశ్న చుట్టూ అల్లుకోవాలని నా గట్టి అభిప్రాయం.

టెండరుకు ముందు రాసుకోవలసినవి

మొదట ఈ వాహనాలకు మీ రోడ్లపై అనుమతి ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉందో తేల్చుకోవాలి. జర్మనీ 2021లో చేసిన చట్టం ముందుగా ఆమోదం పొందిన ప్రాంతాల్లో, సాంకేతిక పర్యవేక్షణ ఉండాలన్న షరతుతో, డ్రైవర్ లేని వాహనాలకు దారి తెరిచింది. బ్రిటన్ 2024లో చేసిన చట్టం, వాహనం తనంతట తాను నడుస్తున్నప్పుడు దాని ప్రవర్తనకు అనుమతి పొందిన సంస్థే జవాబుదారీగా ఉండే విధానాన్ని ఏర్పరచింది. ఇలాంటి చట్టం లేని చోట ఆ జవాబుదారీతనం అంతా ఒప్పందంలోనే రాసుకోవలసి ఉంటుంది. అలా అయితే న్యాయ విభాగాన్ని చివర్లో సంతకాల కోసం పిలవకుండా మొదటి సమావేశం నుంచే కూర్చోబెట్టాలి.

ఆ తరువాత పనిని రాసుకోవాలి. చాలా టెండరు పత్రాల్లో "లెవెల్ 4 సామర్థ్యం ఉండాలి" అన్న ఒక్క వాక్యంతో ఈ భాగం ముగిసిపోతుంది. అది సరిపోదు. వాహన ఇంజినీర్ల సంఘమైన ఎస్‌ఏఈ 2014లో తొలిసారి ప్రకటించి, ఆ తరువాత సవరించుకుంటూ వచ్చిన జే3016 ప్రమాణంలో 0 నుంచి 5 దాకా ఆరు స్థాయిలు ఉన్నాయి. వాటిలో నాలుగో స్థాయికి అర్థం, నిర్ణయించిన పరిస్థితుల హద్దులో ఉన్నంతవరకు మనిషి జోక్యం అవసరం లేకుండా వాహనం నడుస్తుందనీ, ఇబ్బంది వస్తే తానే సురక్షితమైన స్థితికి చేరుకుంటుందనీ మాత్రమే. ఆ హద్దు ఎంత విశాలమో ఆ ప్రమాణం చెప్పదు. ఎండ కాసే పగటిపూట, గోడలున్న ప్రాంగణంలో, గంటకు 10 కిలోమీటర్ల వేగంతో తిరిగే బండి కూడా లెవెల్ 4 కావచ్చు. అర్ధరాత్రి వానలో రద్దీ కూడలి దాటే కారు కూడా లెవెల్ 4 కావచ్చు.

అందువల్ల హద్దును సరఫరాదారు చెప్పకముందే నగరమే రాయాలి. ఏ వీధులు, ఏ వేళలు, రోడ్డు వాలు ఎంత, వీధి దీపాలు లేని భాగం ఎంత, గీతలు చెరిగిపోయిన భాగం ఎంత, ఎంత వాన పడినా సేవ కొనసాగాలి, మొబైల్ సిగ్నల్ ఎక్కడెక్కడ అందదు, రోడ్డు పక్కన వాహనాలు రెండు వరుసల్లో నిలిపే అలవాటు ఎక్కడ ఉంది, ఊరేగింపులు, వారాంతపు బజార్లు ఏ దారిలో జరుగుతాయి అన్న వివరాలన్నీ ఒక పటం మీద గుర్తించాలి. పారిశుద్ధ్య విభాగంలో ఇప్పుడు ఆ వీధుల్లో యంత్రం నడుపుతున్న డ్రైవర్లతో కూర్చుని ఈ పని చేస్తే, ఏ కన్సల్టెంటూ ఇవ్వలేని సమాచారం వస్తుంది. ఏ మలుపు దగ్గర కొలత తప్పుతుందో, ఏ గేటులోంచి పిల్లలు ఒక్కసారిగా బయటికి వస్తారో వాళ్లకు తెలుసు. ఈ కసరత్తు పూర్తయ్యాక ప్రతి బిడ్డరూ ఈ పటంలోని ఏ భాగాన్ని తమ వాహనం ఈ రోజే చేయగలదో, ఏ భాగం ఎప్పటికి చేయగలదో, ఏ భాగం ఎన్నటికీ చేయలేదో గుర్తించి సంతకం చేసి ఇవ్వాలని అడగాలి. చేయలేనిదాన్ని స్పష్టంగా రాసిన బిడ్డరుపై నమ్మకం పెరగాలి తప్ప తగ్గకూడదు.

సేవల్లో ఏది ముందు మొదలుపెట్టాలన్న ప్రశ్న కూడా ఇక్కడే తేలుతుంది. మూసి ఉన్న డిపోలో వాహనాలను కదిలించడం, రాత్రివేళ వెడల్పైన రోడ్లను ఊడ్చడం లాంటివి ప్రయాణికులు లేని పనులు కాబట్టి మొదట వాటిని చేపట్టడం మంచిది. వేగం తక్కువ కాబట్టి ప్రమాదం లేదనుకోవడం మాత్రం పొరపాటు. 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని కొలంబస్ నగరంలో ఈజీమైల్ షటిల్ ఒకటి గంటకు 12 కిలోమీటర్లలోపు వేగంతో వెళ్తూ ఒక్కసారిగా ఆగడంతో లోపలి ప్రయాణికురాలు సీటు నుంచి కింద పడ్డారు. దాంతో ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ అక్కడి ఈజీమైల్ షటిళ్లలో ప్రయాణికులను ఎక్కించుకోవడాన్ని నిలిపివేయించింది. బయటివారిని కాపాడే కఠినమైన బ్రేకు లోపలివారికి హాని చేయగలదు. ప్రయాణికుల సేవ కొనేవారు సీటు బెల్టు, పట్టుకునే కడ్డీలు, నిలబడి ప్రయాణించే వీలు ఉండాలా వద్దా అన్నవి కూడా భద్రతా ప్రశ్నల్లోనే చేర్చాలి. డ్రైవర్ లేనప్పుడు చక్రాల కుర్చీని ఎవరు కట్టి బిగిస్తారు, చూపు లేని ప్రయాణికురాలికి బండి వచ్చిందని ఎవరు చెబుతారు అన్నవీ అక్కడే అడగాలి.

సరఫరాదారు అంటే ఎవరు

బిడ్ మీద ఒక్క పేరు ఉన్నా, వెనుక సాధారణంగా నాలుగైదు సంస్థలు ఉంటాయి. వాహనం తయారుచేసేది ఒకరు, నడిపే సాఫ్ట్‌వేర్ మరొకరిది, సెన్సర్లు ఇంకొకరివి, రోజువారీ నిర్వహణ వేరొకరిది, దూరం నుంచి పర్యవేక్షించే కేంద్రం వేరే చోట ఉంటుంది. స్కాట్లాండ్‌లో 2023 మేలో మొదలైన క్యావ్‌ఫోర్త్ బస్సు సేవలో బస్సు అలెగ్జాండర్ డెన్నిస్‌ది, స్వయంచాలిత వ్యవస్థ ఫ్యూజన్ ప్రాసెసింగ్‌ది, నడిపింది స్టేజ్‌కోచ్. ఇలాంటి పొత్తులో తప్పేమీ లేదు. అయితే ప్రమాదం జరిగిన రోజున సెన్సర్ సరిగా చూసిందని ఒకరు, సాఫ్ట్‌వేర్‌కు తప్పుడు సమాచారం అందిందని ఇంకొకరు, నిర్వహణ లోపమని వేరొకరు బాధ్యతను ఒకరి మీదకు ఒకరు తోసుకుంటే నగరం మధ్యలో నలిగిపోతుంది. నగరానికి ఒక్కరే జవాబుదారీ అనీ, మిగతావారితో లెక్కలు వారే చూసుకోవాలనీ, పొత్తులో ఎవరు మారినా ముందస్తు రాతపూర్వక అనుమతి కావాలనీ షరతు పెట్టాలి.

ఆర్థిక స్థితిని ఈ రంగంలో మామూలు కంటే ఎక్కువ లోతుగా చూడాలి. ఒల్లీ షటిళ్లు తయారుచేసిన లోకల్ మోటార్స్ 2022 జనవరిలో మూతపడింది. ఫోర్డ్, ఫోక్స్‌వ్యాగన్ వంటి దిగ్గజాలు వెన్నంటి ఉన్నా స్వయంచాలిత వాహనాల సాంకేతికత రూపొందించే ఆర్గో ఏఐ అదే ఏడాది అక్టోబరులో ఆగిపోయింది. షటిళ్ల రంగంలో అందరికంటే ముందున్న ఫ్రెంచి కంపెనీ నావ్యా 2023లో దివాలా ప్రక్రియలోకి వెళ్లి చేతులు మారింది. జనరల్ మోటార్స్ 2024 డిసెంబరులో తన క్రూజ్ కంపెనీ రోబోటాక్సీలకు, అంటే డ్రైవర్ లేని టాక్సీలకు, డబ్బు పెట్టడం మానేసింది. వెనుక పెద్ద పేరు ఉన్నంత మాత్రాన సేవ నిలుస్తుందని అనుకోవడానికి లేదని ఈ వరుసే చెబుతోంది. ఆడిట్ అయిన లెక్కలతో పాటు, కొత్త పెట్టుబడి రాకపోతే ఎన్ని నెలలు నడపగలరో, మాతృసంస్థ రాతపూర్వక పూచీ ఇస్తుందో లేదో అడగాలి.

సాఫ్ట్‌వేర్ మూలాన్ని (సోర్స్ కోడ్‌ను) మూడో పక్షం దగ్గర భద్రపరిచే షరతు చాలామంది రాస్తారు. దానివల్ల కొంత రక్షణ ఉంటుంది, కానీ దాన్ని రాసిన ఇంజినీర్లు లేకుండా, పటాలను రోజూ సవరించే బృందం లేకుండా, ఆ మూలాన్ని తీసుకుని నగరం చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అంతకంటే పనికొచ్చే రక్షణ చాలా మామూలుది. వాహనంలో స్టీరింగు, పెడళ్లు, డ్రైవరు సీటు ఉండి, స్వయంచాలిత వ్యవస్థను తొలగించినా మామూలు యంత్రంగా పనిచేయగలిగితే, కంపెనీ పోయినా వీధులు ఊడ్చే పని ఆగదు. పారిశుద్ధ్య వాహనాల విషయంలో ఈ షరతుపై నేను రాజీ పడను. డ్రైవరు స్థానమే లేని వాహనాన్ని కొనవలసి వస్తే, దాన్ని కొనకుండా గంటల లెక్కన అద్దె సేవగా తీసుకోవడం మేలు.

భద్రతా ఆధారాలను చదవడం

"మా వాహనాలు ఇన్ని లక్షల కిలోమీటర్లు తిరిగాయి" అన్న మాట ప్రతి బిడ్‌లోనూ మొదటి పేజీలో ఉంటుంది. ఆ అంకె ఎంత పెద్దదైనా దాన్ని కొలవడానికి ఒక కొలబద్ద కావాలి. అమెరికాలో మనుషులు నడిపే వాహనాల మరణాల రేటు కంటే అధ్వానంగా లేదని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, ఒక్క మరణం కూడా లేకుండా 27.5 కోట్ల మైళ్లు, అంటే సుమారు 44 కోట్ల కిలోమీటర్లు నడిచి చూపాలని అమెరికా పరిశోధన సంస్థ రాండ్‌కు చెందినవారు 2016లో లెక్క కట్టారు. నగర సేవలకు వాహనాలు అమ్మే కంపెనీల్లో ఆ దూరాన్ని చేరుకున్నవి అరుదు. పైగా ఆ కిలోమీటర్లు మీ పటంలోని పరిస్థితుల్లో నడిచినవి కాకపోవచ్చు. మనిషి ఎన్నిసార్లు జోక్యం చేసుకున్నాడన్న లెక్క కూడా ఇలాంటిదే. ఏది జోక్యంగా లెక్కించాలో కంపెనీలు తమ తమ పద్ధతిలో నిర్ణయించుకుంటాయి. సులభమైన రోడ్ల మీద ఎక్కువ తిరిగితే ఆ లెక్క దానంతటదే అందంగా కనిపిస్తుంది.

కాబట్టి అంకెలకు బదులు, వాదనను అడగాలి. ఈ రంగంలో దాన్ని సేఫ్టీ కేస్ అంటారు. వాహనం ఫలానా హద్దులో తగినంత సురక్షితమని ఎందుకు అనుకుంటున్నారో, దానికి ఏ ఆధారం ఉందో, ఏ ప్రమాదాలను గుర్తించి ఎలా తగ్గించారో వరుసగా చెప్పే పత్రం అది. అది ఎలా ఉండాలో 2020లో వచ్చిన యూఎల్ 4600 ప్రమాణం వివరిస్తుంది. ఐఎస్‌ఓ 26262 భాగాలు, ఎలక్ట్రానిక్స్ పాడైనప్పుడు వచ్చే ప్రమాదాల గురించినది. అన్నీ సరిగా పనిచేస్తున్నా వ్యవస్థ పరిమితుల వల్ల వచ్చే ప్రమాదాల గురించినది ఐఎస్‌ఓ 21448. చాలా బిడ్లలో ఈ రెండు ఐఎస్‌ఓ ప్రమాణాల్లో మొదటిది గట్టిగా, రెండోది ముక్తసరిగా ఉంటుంది. స్వయంచాలిత వాహనాల్లో ఎక్కువ ఇబ్బందులు వచ్చేది రెండో వైపు నుంచే కాబట్టి అక్కడే ఎక్కువ ప్రశ్నలు వేయాలి.

వందల పేజీల ఆ పత్రాన్ని కమిటీ సభ్యులందరూ చదవలేరు, చదవనక్కరలేదు కూడా. ఒక స్వతంత్ర మదింపుదారును నియమించి, కమిటీ తన వంతుగా రెండు మూడు వాక్యాలను ఎంచుకుని చివరిదాకా వెంటాడితే చాలు. ఉదాహరణకు "రాత్రివేళ రోడ్డు దాటే పాదచారులను వ్యవస్థ గుర్తిస్తుంది" అని ఉంటే, ఏ రోడ్డు మీద, ఎంత వెలుతురులో, ఎన్ని పరీక్షల్లో, ఎలాంటి దుస్తుల్లో, దాటే చోటులోనా మరెక్కడైనానా అని అడుగుతూ ముడి పరీక్ష ఫలితం దాకా వెళ్లాలి. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని టెంపే నగరంలో ఉబర్ పరీక్షా వాహనం, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టి ఆమె మరణానికి కారణమైంది. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే వ్యవస్థ ఆమెను పసిగట్టిందని దర్యాప్తులో తేలింది. అయినా ఆమెను ఒకసారి వాహనమని, ఒకసారి తెలియని వస్తువని, ఒకసారి సైకిలని మార్చి మార్చి అనుకుంది. అలా మారిన ప్రతిసారీ ఆమె అంతవరకు కదిలిన తీరును పక్కన పెట్టేసింది. దాటే చోటు కాని చోట పాదచారి ఉండవచ్చన్న ఊహే ఆ రూపకల్పనలో లేదు. ప్రమాద సమయంలో సెన్సర్లు బాగానే ఉన్నాయి. రూపకల్పన లోపలి ఊహలను విప్పి చూపించమని అడగకపోతే ఇలాంటిది ఏ ప్రదర్శనలోనూ కనిపించదు.

ఇంకొక ప్రశ్న తప్పనిసరి. ఒక మనిషి డ్రైవరు తప్పు చేస్తే ఆ తప్పు ఆ ఒక్కరిదే, కానీ ఒకే సాఫ్ట్‌వేర్ నడిపే వాహనాలన్నీ ఒకే తప్పు చేస్తాయి. 2023 డిసెంబరులో ఫీనిక్స్‌లో ఒక టో లారీ వెనుక అడ్డంగా వాలి, వెనుకవైపు ముందుకు తిరిగి ఈడ్చుకుపోతున్న పికప్ వాహనం ఉంది. అది ఎటు కదులుతుందో తప్పుగా అంచనా వేసి, వేమో కంపెనీ డ్రైవర్ లేని కారు ఒకటి దాన్ని తాకింది. కొద్ది నిమిషాల తరువాత మరో వేమో కారు అదే పికప్‌ను తాకింది. ఎవరికీ గాయాలు కాలేదు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను సరిచేసి, 2024 ఫిబ్రవరిలో 444 వాహనాలకు రీకాల్ ప్రకటించింది. ఈ ఘటనను బిడ్డర్ల ముందు పెట్టి, మొదటి వాహనం తాకిన క్షణం నుంచి మిగతా వాహనాలన్నిటికీ ఆ సంగతి ఎంతసేపట్లో చేరుతుంది, మొత్తం సేవను ఆపే నిర్ణయం ఎవరు తీసుకుంటారు, ఆ వ్యక్తి అర్ధరాత్రి ఫోను ఎత్తుతారా అని అడగాలి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబు చాలా బిడ్లను వేరు చేసి చూపుతుంది.

ఆగిపోయిన వాహనం సంగతి

వ్యవస్థకు అర్థం కాని పరిస్థితి వస్తే వాహనం ఆగిపోతుంది, లేదా పక్కకు వెళ్లి ఆగుతుంది. దీన్ని కంపెనీలు భద్రతా లక్షణంగా చెప్పుకుంటాయి. అది నిజమే, కానీ ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి ఆ ఆగడమే ప్రమాదం కావచ్చు. అగ్నిమాపక కేంద్రం గేటు ముందు, రైల్వే గేటు మీద, ఒకే వరుస ఉన్న వంతెన మీద ఆగితే ఏమవుతుంది? శాన్‌ఫ్రాన్సిస్కోలో అగ్నిమాపక సిబ్బంది 2023లో ఇలాంటి అడ్డంకుల మీద పదేపదే ఫిర్యాదు చేశారు. మీ పటంలో వాహనం ఎట్టి పరిస్థితిలోనూ ఆగకూడని చోట్లను గుర్తించి, అక్కడికి చేరకముందే అది ఎలా నిర్ణయం తీసుకుంటుందో చూపించమనాలి. అగ్నిమాపక, అంబులెన్సు, పోలీసు విభాగాల నుంచి ఒక్కొక్కరిని కమిటీలో పూర్తి సభ్యులుగా చేర్చుకోవాలి.

దూరం నుంచి సాయం చేసే కేంద్రం గురించి అడిగేటప్పుడు రెండు విషయాలను వేరు చేయాలి. కొందరు దూరం నుంచి వాహనాన్ని నిజంగా నడుపుతారు; వారికి నెట్‌వర్కు ఆలస్యం ప్రాణసంకటం. కొందరు వాహనం అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రమే ఇస్తారు, నడపడం వాహనమే చేస్తుంది. రెండు పద్ధతుల్లోనూ ఒక మనిషి ఎన్ని వాహనాలను చూస్తున్నాడన్న నిష్పత్తి కీలకం, ఎందుకంటే సేవ ఖర్చూ భద్రతా రెండూ దాని మీదే ఆధారపడతాయి. మామూలు రోజు లెక్క చూపితే ఒప్పుకోకూడదు. 2025 డిసెంబరు 20న శాన్‌ఫ్రాన్సిస్కోలో విద్యుత్తు పోయి సిగ్నళ్లు ఆరిపోయినప్పుడు వేమో కార్లు అనేకం కూడళ్లలో నిలిచిపోయాయి. ఆరిన సిగ్నలు దగ్గర ఎలా వెళ్లాలో వాటికి తెలిసినా, కొన్ని సందర్భాల్లో ముందుకు వెళ్లవచ్చా అని కేంద్రాన్ని అడుగుతాయనీ, అవన్నీ ఒకేసారి అడగడంతో జవాబులు ఆలస్యమయ్యాయనీ కంపెనీ వివరించింది. నగరానికి సేవ అత్యంత అవసరమయ్యే రోజే కేంద్రం మీద అత్యధిక భారం పడే రోజు కూడా. మీ వాహనాల్లో సగం ఒకే నిమిషంలో సాయం అడిగితే మొదటి జవాబు ఎప్పుడు, చివరి జవాబు ఎప్పుడు వస్తుందో కేంద్రంలో కూర్చుని చూడాలి.

క్షేత్ర పరీక్ష

బిడ్డరు ఎంచుకున్న దారిలో, బిడ్డరు చెప్పిన వేళకు జరిగేది ప్రదర్శన మాత్రమే. పరీక్ష అంటే దారిని నగరం ఎంచుకోవాలి, కొన్ని పరిస్థితులను బిడ్డరుకు ముందు చెప్పకూడదు. రోడ్డుకు అడ్డంగా అగ్నిమాపక పైపు పరచి చూడాలి. నిలిపి ఉన్న వాహనం వెనుక నుంచి పిల్లవాడి ఎత్తు బొమ్మను కదిలించాలి. సిగ్నలు పచ్చగా ఉన్నా ఆగమని చేయి చూపే పోలీసును నిలబెట్టాలి. ఇవన్నీ మూసిన ప్రదేశంలోనే, భద్రతాధికారి పర్యవేక్షణలో చేయాలని వేరే చెప్పనక్కరలేదు.

ఊడ్చే యంత్రాల విషయంలో ఒక సంగతిని దగ్గరగా నిలబడి చూడాలి. ఆ యంత్రం తన పనితో తానే ధూళి లేపుతుంది, నీళ్లు చిమ్ముతుంది. బ్రష్షులు తిరగడం మొదలైన కాసేపటికి ముందువైపు లైడార్ (లేజర్ కిరణాలతో దూరాన్ని కొలిచే సెన్సర్) గాజు మీద సన్నని బురద పొర పేరుకుంటుంది. ఎండు ధూళి గాలిలో లేచినప్పుడు లైడార్‌కు అది ఎదురుగా ఏదో వస్తువు ఉన్నట్టే కనిపించవచ్చు. అప్పుడు వాహనం తరచుగా ఆగుతూ పోతుంది, లేదా ఆ ఆగడాన్ని తప్పించడానికి కంపెనీ వారు సున్నితత్వాన్ని తగ్గించి, నిజంగా ఉన్న చిన్న వస్తువును కూడా ధూళిగా కొట్టివేసే స్థితికి తెస్తారు. అందుకే పరీక్షను శుభ్రమైన రోడ్డు మీద కాకుండా, నిజంగా మట్టి ఉన్న రోడ్డు మీద ఒక పూర్తి షిఫ్టు పాటు జరపాలి. ప్రతి గంటకూ సెన్సర్ గాజుల ఫొటోలు తీయించాలి. వాటిని కడిగే చిమ్ముడు గొట్టాలు ఉన్నాయా, వాటి నీటి ట్యాంకు ఎంతసేపు వస్తుంది, గుడ్డతో తుడవడం ఎవరి పని అన్నది రాసుకోవాలి. షిఫ్టు చివర్లో, గాజులు మురికిగా ఉన్నప్పుడే, మళ్లీ ఆ బొమ్మ పరీక్ష చేయాలి. ఉదయం వచ్చిన ఫలితానికీ సాయంత్రం వచ్చిన ఫలితానికీ మధ్య ఉన్న తేడా, ఆ యంత్రం గురించి కరపత్రం మొత్తం కంటే ఎక్కువ చెబుతుంది.

పరీక్ష దశలో వాహనంలో కూర్చునే భద్రతా సిబ్బంది గురించి కూడా శ్రద్ధ పెట్టాలి. గంటల తరబడి ఏమీ చేయకుండా అప్రమత్తంగా ఉండడం మనిషికి కష్టం. టెంపే ప్రమాదం జరిగినప్పుడు వాహనంలోని వ్యక్తి చూపు ఫోను మీద ఉంది. షిఫ్టు ఎంతసేపు, విరామం ఎప్పుడు, దృష్టి మళ్లితే గుర్తించే కెమెరా ఉందా అని అడగాలి. మనిషి చేతుల్లోకి తీసుకుని నడిపే సందర్భాలకూ శిక్షణ కావాలి. కెనడాలోని విట్బీలో 2021 డిసెంబరులో ఒల్లీ షటిల్ చెట్టును ఢీకొని సహాయకుడు తీవ్రంగా గాయపడినప్పుడు, ఆ వాహనం మనిషి నియంత్రణలోనే ఉందని పోలీసులు తేల్చారు.

తప్పు జరిగాక నిజం చెప్పే గుణం

మార్కుల పట్టికలో నేను అన్నిటికంటే పైన పెట్టేది ఇదే. 2023 అక్టోబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో మరొక వాహనం ఢీకొట్టడంతో ఒక మహిళ క్రూజ్ రోబోటాక్సీ ముందు పడ్డారు. ఆ కారు ఆమెను తాకి ఆగింది. ఆ తరువాత పక్కకు వెళ్లి ఆగాలని ప్రయత్నిస్తూ, కింద చిక్కుకున్న ఆమెను సుమారు 20 అడుగులు ఈడ్చుకెళ్లింది. భద్రత కోసం రాసిన చర్యే హాని చేసిన ఘటన ఇది, సాంకేతికంగా అదే పెద్ద పాఠం. కానీ ఆ కంపెనీని దెబ్బతీసింది తరువాత జరిగినది. ఈడ్చుకెళ్లిన సంగతిని అధికారులకు పూర్తిగా తెలియజేయలేదన్న కారణం కూడా చూపి, కాలిఫోర్నియా అధికారులు అక్టోబరు 24న ఆ కంపెనీ అనుమతులను నిలిపివేశారు. తప్పుడు నివేదిక ఇచ్చినందుకు 2024లో కంపెనీ 5 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకోవలసి వచ్చింది.

ఈ గుణాన్ని ఎంపిక దశలోనే ఎలా కొలవాలి? బిడ్డరు తమకు జరిగిన అత్యంత తీవ్రమైన మూడు ఘటనలను, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం మార్చారు, మార్పు పనిచేసిందని ఎలా తెలిసింది అన్న నాలుగు భాగాలుగా రాసి ఇవ్వాలని అడగండి. అమెరికాలో 2021 నుంచి కంపెనీలు ప్రమాదాలను కేంద్ర భద్రతా సంస్థకు నివేదించాలి, ఆ వివరాలు బహిరంగంగా దొరుకుతాయి. అక్కడ పనిచేసిన కంపెనీ అయితే వారి జవాబును వాటితో పోల్చండి. ఇంతకుముందు వాడిన నగరాలకు ఫోను చేసేటప్పుడు కంపెనీ ఇచ్చిన పేర్లతో సరిపెట్టుకోకుండా, ఆ సేవను ఆపేసిన నగరాలను వెతికి, అక్కడ డిపో ఇన్‌చార్జితో, అగ్నిమాపక అధికారితో మాట్లాడండి. మేయరు కార్యాలయం చెప్పే మాటకూ డిపోలో వినిపించే మాటకూ చాలా తేడా ఉంటుంది.

ధర, ఒప్పందం

ధర గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే భద్రతా అర్హత దాటని బిడ్ ధర కవరును తెరవనే కూడదు. దాటినవారిలో పోలిక చేసేటప్పుడు వాహనం ధరను కాకుండా, ఊడ్చిన కిలోమీటరుకు లేదా సేవ అందిన గంటకు అయ్యే మొత్తం ఖర్చును లెక్కించాలి. అందులో రిమోట్ సిబ్బంది, పటాల సవరణ, సెన్సర్ల మార్పిడి, బీమా, వాహనంలో మనిషి ఉండే దశ ఎంతకాలమో అంతకాలం జీతాలు కలిసి ఉండాలి. క్యావ్‌ఫోర్త్ బస్సుల్లో భద్రతా డ్రైవరుతో పాటు ప్రయాణికులకు సాయపడే మరొక ఉద్యోగి కూడా ఉండేవారు. ఆశించినంతమంది ప్రయాణికులు రాకపోవడంతో 2025 ఫిబ్రవరిలో ఆ సేవ ముగిసింది. మనుషుల ఖర్చు వెంటనే తగ్గుతుందన్న లెక్కతో వచ్చే బిడ్‌ను అనుమానించాలి. ఇప్పుడు పనిచేస్తున్న డ్రైవర్లకు, పారిశుద్ధ్య కార్మికులకు ఏ పని ఇస్తారో, ఏ శిక్షణ ఇస్తారో బిడ్‌లోనే రాయించడం న్యాయం, వాళ్ల అనుభవం లేకుండా ఈ సేవ నడవదు కూడా.

ఒప్పందంలో కొన్ని షరతులు తప్పకుండా ఉండాలి. ఏ ఘటన జరిగినా 24 గంటల్లోపు ముడి వీడియో, సెన్సర్ రికార్డు, రిమోట్ కేంద్రంలోని సంభాషణ కోత లేకుండా నగరానికి అందాలి. వాహన ప్రవర్తనను మార్చే ప్రతి సాఫ్ట్‌వేర్ నవీకరణకు ముందు నోటీసు, పరీక్ష ఫలితం ఇవ్వాలి, నచ్చకపోతే పాత రూపానికి తిరిగి వెళ్లే వీలు ఉండాలి. సైబర్ భద్రతకూ, సాఫ్ట్‌వేర్ నవీకరణలకూ 2021 నుంచి అమల్లో ఉన్న ఐక్యరాజ్యసమితి ఆర్155, ఆర్156 నిబంధనలను కనీస కొలమానంగా తీసుకోవచ్చు. వాహనాల కెమెరాలు రోజంతా వీధులను చిత్రిస్తాయి కాబట్టి, ఆ చిత్రాలు ఎన్ని రోజులు ఉంచుతారు, ముఖాలను ఎప్పుడు చెరిపేస్తారు, పోలీసులు అడిగితే ఎవరి అనుమతితో ఇస్తారు అన్నది ప్రజలకు తెలిసేలా రాయాలి.

ఒప్పందాన్ని ఒకేసారి మొత్తం వాహనాలకు చేసుకోవద్దు. లోపల మనిషి ఉండే దశ, మనిషి మరో వాహనంలో వెనుక నుంచి అనుసరించే దశ, రిమోట్ పర్యవేక్షణ మాత్రమే ఉండే దశ అని విడదీసి, ఒక దశ నుంచి మరో దశకు వెళ్లడానికి ఏ ఫలితాలు కావాలో ముందే రాసుకోవాలి. గడువు ముగిసిందన్న కారణంతో దశ మారకూడదు. వెనక్కి వెళ్లే నిబంధన కూడా అంతే స్పష్టంగా ఉండాలి. సేవను ఆ క్షణంలోనే ఆపించే అధికారం నగరం తరఫున హోదాతో సహా ఒక అధికారికి ఇవ్వాలి. దానికి సరఫరాదారు అంగీకారం అవసరం లేదనీ, ఆపినందుకు నగరం ఎలాంటి పరిహారమూ చెల్లించదనీ, ఆపిన సేవను స్వతంత్ర మదింపుదారు నివేదిక అందాకే తిరిగి మొదలుపెట్టాలనీ సంతకాలకు ముందే ఒప్పందంలో చేర్చాలి.